ఎద్దుల బాట నుంచి హాస్టల్ గడప దాకా: అనంత నేలలో మన అడుగులు

ప్రతి ఏడాదీ హాస్టల్ తెరిచిన మొదటి వారంలో మేము పిల్లల చేత జిల్లా పటం గీయిస్తాం. గుత్తి కోట, పెనుకొండ, లేపాక్షి, తాడిపత్రి గుళ్లు, పెన్నా, చిత్రావతి అన్నీ గుర్తిస్తారు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పెన్సిల్ పట్టుకొని వచ్చి, “మేడం, మన తాండా ఎక్కడ పెట్టాలి?” అని అడిగింది. చూపించాం. చుక్క పెట్టింది. అంతటితో వెళ్లలేదు. “పటంలో ఉంది సరే, పుస్తకంలో ఈ జిల్లా చరిత్ర ఉంది కదా, అందులో మనం ఏ పేజీలో ఉన్నాం?” అంది.

టీచర్ ట్రైనింగ్ చదివిన వాళ్లమే అయినా ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పెద్దల్ని అడిగాం, పుస్తకాలు తిరగేశాం. తెలిసింది ఇక్కడ మీ ముందు పెడుతున్నాం. సుగాలి, లంబాడీ, బంజారా అని లోకం ఎన్ని పేర్లతో పిలిచినా ఇంట్లో మనల్ని మనం ‘గోర్’ అనుకుంటాం. మనతో పాటే ఈ నేల మీద తిరిగిన ఎరుకల కుటుంబాల కథా దాదాపు ఇదే దారిలో నడిచింది. అందుకే ఇందులో ‘మనం’ అన్నప్పుడల్లా ఆ ఇద్దరినీ కలుపుకొనే అంటున్నాం.

వాన ముఖం చాటేసిన నేల

ముందు నేలను అర్థం చేసుకోవాలి. అనంతపురం దక్కన్ పీఠభూమి మీద ఉంది. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాల వాన కోస్తాను తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది. రెండు వానల మధ్య ఇరుక్కున్న మన ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే దక్కుతుంది. అదీ వేళకు రాదు. పెన్నా, చిత్రావతి, జయమంగళి, వేదవతి అని నదుల పేర్లకు కొదవ లేదు గానీ, వాటిలో నీళ్ల కంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ.

ఇలాంటి చోట బతకాలంటే పడ్డ చినుకును ఆపుకోవాలి. 14వ శతాబ్దంలో విజయనగర రాజు బుక్కరాయల కాలాన, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు ఇక్కడ చెరువులు కట్టించాడని చెబుతారు. అనంతసాగరం పక్కన పెరిగిన ఊరే అనంతపురం. ఆ పక్కనే బుక్కరాయసముద్రం. ఆ చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మీలో చాలామంది విన్నదే. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాసింది ఆమె మీదే. కట్టించిన వారి పేరు మిగిలింది, ప్రాణమిచ్చిన ఆమె పేరు మిగిలింది. తట్టలు మోసి కట్ట పోసిన వేలమంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పేరు లేదంటే మనుషులు లేరని కాదు.

ఎద్దు వీపు మీద ఒక వ్యాపారం

పడవ నడిచే నది లేదు. బండి నడిచే బాటలు తక్కువ. మరి సముద్రపు ఉప్పు ఈ మెట్ట ఊళ్లకు ఎలా వచ్చింది? ఒకచోట పండిన ధాన్యం కరువు పడ్డ ఇంకోచోటికి ఎలా చేరింది? ఎద్దు వీపు మీద. ఆ ఎద్దుల వెంట నడిచింది మన వాళ్లు. దాన్నే పెద్దలు ‘లదేణి’ అంటారు. గోనెల్లో సరుకు నింపి, వందల ఎద్దుల్ని ఒక గుంపుగా తోలుకుంటూ, పిల్లాపాపలతో సహా కదిలే ఊరే తాండా. నాయకుడు ముందు నడిచేవాడు. ‘లవణం’ అనే మాట నుంచే లంబాడీ అన్న పేరు వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎరుకల వాళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని చిన్న చిన్న ఊళ్లకు అందించేవాళ్లు.

సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలో పుట్టారని మన సంప్రదాయం చెబుతుంది. ఇవాళ దేశం నలుమూలల నుంచి బంజారాలు సేవాగఢ్‌కు వస్తున్నారంటే, ఈ కరువు నేల ఎంత పెద్ద సమూహానికి పుట్టిల్లో ఆలోచించండి. ఆయన కథల నిండా ఎద్దులూ, మేతా, నీళ్లూ, ప్రయాణాలే. అది భక్తి కథ ఒక్కటే కాదు, 18వ శతాబ్దపు దక్కన్ ఆర్థిక జీవితం కూడా.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. మన ఎద్దులు ఊళ్ల ఆకలి ఒక్కటే తీర్చలేదు, సైన్యాల ఆకలీ తీర్చాయి. 1791లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం దండయాత్ర చేసినప్పుడు ఇంగ్లీషు సేనకు ధాన్యం మోసిన వాళ్లలో బంజారాలు ఉన్నారు. అంతకు ముందు దక్కన్ మీదికి వచ్చిన మొగలుల సేనలకూ మోశారు. యుద్ధం జరిగితే గిరాకీ. దీన్ని గొప్పగానూ చెప్పుకోనక్కర్లేదు, సిగ్గుపడనూ అక్కర్లేదు. రాజులు మనల్ని ఆదరించింది మన మీద ప్రేమతో కాదు, మన ఎద్దుల అవసరం ఉండి. ఆ అవసరం తీరిన రోజు ఏమైందో ఇక చూద్దాం.

కాగితం, రైలు, పోలీసు దస్తరం

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుకే ‘దత్త మండలాలు’ అన్న పేరు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో 1807 దాకా పనిచేసి, పొలాలు కొలిపించి, రైతు పేరు మీద శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నాటాడు. అప్పటి నుంచి మనిషికి గుర్తింపు అంటే పొలం, పట్టా, ఊరు. నడిచే తాండాకు ఈ మూడూ లేవు. కొలత గొలుసు మన ముందు నుంచే సాగిపోయింది, మన పేరు మాత్రం ఎక్కించుకోలేదు.

తర్వాతి దెబ్బ రైలు. మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు మీదుగా వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. వంద ఎద్దులు వారాల తరబడి నడిచి మోసేది ఒక్క బండి ఒక్క రోజులో మోసేసింది. గుంతకల్లు పెద్ద జంక్షన్ అయింది, ఎద్దుల బాటలు గడ్డి మొలిచి మూసుకుపోయాయి. వెంటనే 1876-78 మహా కరువు వచ్చి మనుషుల్నీ, పశువుల్నీ తుడిచిపెట్టింది. గిరాకీ పోయిన ఇంట్లో పెట్టుబడి లాంటి ఎద్దులు కూడా పోయాయి. ఆ కరువు ముగిసిన నాలుగేళ్లకు, 1882లో, బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. అంటే జిల్లా పుట్టేనాటికే మన పాత బతుకుదెరువు పోయింది.

పని లేని వాడు తిరుగుతుంటే అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్నే బ్రిటిష్ వాళ్లు చట్టం చేశారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వాళ్ల మీద దాని బరువు ఎక్కువగా పడింది. వేలిముద్రలు, పోలీస్ స్టేషన్లో హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. కోస్తాలో స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ కాలానివే. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుడు. స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద మచ్చ పోయింది. నోటి మాటల్లో మచ్చ పోయిందా? ఎక్కడైనా ఏదైనా పోతే మొదట ఎవరి వైపు చూస్తారో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

చెనక్కాయ మీద పందెం

ఎద్దులు పోయాక మన వాళ్లు గుట్టల వారన, అడవి అంచున స్థిరపడ్డారు. మంచి నల్లరేగడి అప్పటికే పంచుకోబడింది. మనకు దక్కింది రాళ్ల ఎర్రనేల. దాని మీద కొర్ర, సజ్జ, ఆరిక, కంది, అలసంద కలిపి వేసుకున్నారు. ఒకటి పోతే ఒకటి నిలిచేది. తర్వాత వేరుశనగ వచ్చింది. చేతికి డబ్బు ఇచ్చే పంట, ఎర్రనేలకు సరిపడే పంట. ఒక దశలో జిల్లాలో సుమారు 8 లక్షల హెక్టార్లలో చెనక్కాయే కనిపించేది. పూత వచ్చి ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన ముఖం చాటేస్తే, మొత్తం జిల్లా ఒకేసారి ఓడిపోయేది. అప్పు చేసి బోరు వేస్తే దుమ్ము లేచింది. 1990ల చివరి నుంచి రైతుల ఆత్మహత్యల వార్తల్లో మన జిల్లా పేరు వినిపించడం వెనుక ఉన్నది ఇదే.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. దేశంలో ఎన్నో జిల్లాలుండగా ఇక్కడే ఎందుకు మొదలుపెట్టారు? కరువంటే అనంతపురం గుర్తుకొచ్చింది కాబట్టి. ఏడాదికి వంద రోజుల పని అన్నది చిన్న మాట కాదు. ఆడ, మగ తేడా లేని కూలి మన ఆడవాళ్ల చేతికి వచ్చింది. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లికి చేరాయి. చీనీ తోటలు పెరిగాయి. అయితే కాలువ పారే చోట భూమి ఉన్నవాడికే ఆ నీటి లాభం. గుట్ట మీది తాండాకు ఆ నీళ్లు కింద మెరుస్తూ కనిపిస్తాయి.

పట్నంలో ఏం జరుగుతోంది?

ఆ కాలంలోనే అనంతపురం పట్నం వేరే రకంగా ఎదిగింది. 1916లో దత్తమండల కళాశాల వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అనంతపురంలో పాఠం చెప్పారు. అక్కడ పనిచేసిన చిలుకూరి నారాయణరావు 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి ‘రాయలసీమ’ అన్న పేరు సూచించారు. 1926 నుంచి పప్పూరు రామాచార్యులు ‘శ్రీ సాధన’ పత్రిక నడిపారు. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీయే ఇవాళ్టి జేఎన్‌టీయూ. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1952 ఎన్నికల్లో ఇక్కడ తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిన నీలం సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు.

చూశారా, కరువు జిల్లాకు చదువు కరువు లేదు. మన నేల పండించలేని ధాన్యం బదులు పట్నం చదువును పండించింది. కానీ ఆ తొలి కాలేజీ గదుల్లో మన పిల్లలు ఎందరు? మన వాళ్లు పట్నానికి వచ్చింది కట్టెల మోపుతో, కూలి కోసం. 2011 లెక్కల్లో ఉమ్మడి జిల్లా జనాభా 40.81 లక్షలు. అందులో గిరిజనులం నూటికి నలుగురికి లోపే. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. వేరువేరు మండలాల్లో విడివిడిగా ఉన్న తాండాలం. ఓటు లెక్కలో చిన్నవాళ్లం. మనకు బలం ఇచ్చేది సంఖ్య కాదు, అక్షరం. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ, ప్రభుత్వ హాస్టళ్లు, గురుకులాలు, స్కాలర్‌షిప్పులు ఆ అక్షరాన్ని తాండా దాకా తెచ్చాయి.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. కొత్త ఫ్యాక్టరీ, కొత్త కలెక్టరేట్. పాత రైలు లాంటి మలుపే ఇది. ఈసారి మనం బాట పక్కన నిలబడి చూస్తామా, టికెట్ కొనుక్కొని ఎక్కుతామా అన్నదే ప్రశ్న.

తాళం వేసిన ఇళ్లు

ఈ ప్రశ్న మాకు ప్రతి జనవరిలో ఎదురవుతుంది. ఒక ఏడాది సంక్రాంతి సెలవులకు ఇళ్లకు పోయిన పిల్లల్లో ముగ్గురు తిరిగి రాలేదు. వారం చూసి తాండాకు వెళ్లాం. వీధి వీధంతా తాళాలు. బెంగళూరులో కట్టడం పనికి పోయారని అరుగు మీద కూర్చున్న అవ్వ చెప్పింది. “చిన్నదాన్ని చూసుకోవడానికి పెద్దదాన్ని తీసుకుపోయారు తల్లీ” అంది. ఫోన్లు చేసి, బతిమాలి ఇద్దరిని వెనక్కి రప్పించుకున్నాం. మూడో పిల్ల రాలేదు. పటంలో చుక్క పెట్టి మమ్మల్ని ప్రశ్న అడిగిన పిల్ల ఆమే.

తప్పు మాలోనూ ఉంది. సెలవులకు ముందే తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడి ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి డిసెంబరులో ఆ పని చేస్తున్నాం. తాతలు ఎద్దుల వెంట పోయేటప్పుడు తాండా మొత్తం కదిలేది, పిల్లలూ అందులోనే పెరిగేవాళ్లు. ఇప్పటి వలసలో తాండా విడిపోతుంది, పిల్ల చదువు మధ్యలో తెగుతుంది. పాత ప్రయాణం మన బతుకు. కొత్త ప్రయాణం మన బతుకును తినేస్తోంది.

మీకు అప్పగిస్తున్న పని

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గురించి ఇంతవరకు ఎక్కువగా రాసింది కలెక్టర్లూ, పోలీసులూ. మన మాటకు సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు. ఈ సెలవుల్లో మీ తాండాలో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. మన వాళ్లు ఇక్కడికి ఏ దిక్కు నుంచి వచ్చారు, మొదటి బావి ఎవరు తవ్వారు, ఏ కరువులో ఏం తిన్నారు, మొదట బడికి పోయిన పిల్ల ఎవరు అని అడగండి. వాళ్లు గోర్ మాటల్లో చెబితే అలాగే రాయండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. తీజ్ పాటలు పాడే ఆడవాళ్లను మరిచిపోకండి. ఒక్కో అవ్వ వెళ్లిపోయినప్పుడల్లా ఒక్కో పుస్తకం మూతపడుతోంది.

ఇంకొక మాట. మీ తాండాలో సంక్రాంతి తర్వాత బడి మానేసిన పిల్ల కనబడితే, మీ దగ్గరలోని హాస్టల్‌కో, బడికో ఒక కబురు చేయండి. చరిత్ర రాయడం ఎంత ముఖ్యమో, రేపు దాన్ని చదివే పిల్లను బడిలో నిలబెట్టడం అంతే ముఖ్యం.

ఆ పిల్ల గీసిన పటం మా బీరువాలో ఇప్పటికీ ఉంది. గుత్తికీ, పెనుకొండకూ మధ్య పెన్సిల్‌తో పెట్టిన చిన్న చుక్క. మీరు రాసి తెచ్చే కాగితాల్ని ఆ పటం పక్కనే పెడతాం.