ఆశయమునకు ఆకృతి: 1921 నాటి ఆంధ్ర జన సంఘము

పరభాషాప్రాంతములలో స్థిరపడిన మనవారు ఎక్కడ పదిమంది చేరినను ఒక సంఘమును స్థాపింతురు. నియమావళి మొదటి పుటలో ‘ఆంధ్రాభ్యుదయము’ అని వ్రాసికొందురు. మాట అందమైనదే. కాని పదేండ్లు గడచిన పిదప అది సిద్ధించినదో లేదో చెప్పుట ఎవరి తరమును గాదు. ఈ విషయమున నిజాం రాష్ట్రమందలి ఆంధ్రులు చేసిన పని మనకు స్మరణీయము.

1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహర్షి ధొండో కేశవ కర్వేగారు. ఇతర భాషలలో సాగిన ప్రసంగములను సభ ఓపికతో వినెను. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే ఎగతాళియు గోలయు చెలరేగెను. ఆ రాష్ట్రప్రజలలో సగమునకు దగ్గరగా తెలుగువారే! ఆ రాత్రియే కొలదిమంది ఒకచో చేరి ఆంధ్ర జన సంఘమునకు అంకురార్పణము చేసిరి. దానికి ప్రాణమైనవారు మాడపాటి హనుమంతరావుగారు.

అవమానముతో నొచ్చినవారు ‘తెలుగునకు గౌరవము కావలె’ నని తీర్మానించి ఇండ్లకు పోవచ్చును. కాని గౌరవమును కొలుచుటకు కుంచములు లేవు గదా! వారు అట్లు చేయలేదు. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు నెలకొల్పుట, విద్యార్థులకు తోడ్పడుట, పండితులను సత్కరించుట, తాళపత్రగ్రంథములను, శాసనములను సేకరించి పరిశోధించుట, కరపత్రములు, చిన్న పుస్తకములు, ఉపన్యాసముల మూలమున భాషను వ్యాపింపజేయుట — ఇట్టివానిని ఉద్దేశములుగా వ్రాసికొనిరి. ఊరిలో పఠనమందిరము తెరవబడినదా, శాసనమునకు ప్రతి తీయబడినదా అను ప్రశ్నకు అవును, కాదు అని జవాబు చెప్పవచ్చును. రాజకీయముల జోలికి పోకుండుట కూడ ఆనాటి పాలనలో తమ చేతికి అందునది ఎంతయో ఎరిగి గీచికొన్న హద్దే. దానిని పిరికితనమని నేననను.

శాసనముల మాట ఊరక వ్రాసినది కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఆ పనిని చేపట్టెను. పల్లెల గుడిగోడలపైనను, పొలములలోని రాళ్లపైనను ఉన్న వ్రాతలు 1935లో ‘తెలంగాణా శాసనములు’ అను గ్రంథమై అచ్చుపడినవి.

ఒక లోపము చెప్పక తప్పదు. పదునెనిమిదేండ్లు నిండి, చదువు వచ్చినవారికే సభ్యత్వమని నియమము. నూటికి అయిదుగురికి మించి అక్షరాస్యులు లేని సీమలో ఈ నియమము ఎవరిని వెలుపల నిలిపినదో ఊహింపవచ్చును. వెట్టిచాకిరి క్రింద నలిగెడి రైతుకూలీ గోడు మొదటి ఉద్దేశములలో లేదు. సంఘమువారు పల్లెలు తిరిగిన కొలది అది వారి చెవిని బడెను. వెట్టిని గూర్చిన చిన్న పుస్తకములు వెలువడెను. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో ఆంధ్ర మహాసభ కూడునాటికి విషయముల పట్టిక మిక్కిలి పెరిగినది. పని నేర్పిన పాఠమును బట్టి ఉద్దేశములను తిరిగి వ్రాసికొనుట వారికి నామోషీ కాలేదు.

ఆ పట్టికలోని ‘పాఠశాలలు’ అను మాట బాలికల విషయమున ఫలించిన తీరు ముచ్చటైనది. 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాల వెలసెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూమాధ్యమమునది. తెలుగున చదివిన బాలికలకు అచ్చట చోటు లేదు. మాతృభాషలో బోధనయే నియమముగా 1916లో పుట్టిన మహిళా విశ్వవిద్యాలయము పూనాలో నుండెను. మాడపాటివారు తమ పాఠశాలను దానికి అనుబంధింపజేసిరి. దాని స్థాపకులు కర్వేగారే. తెలుగుమాటకు గోల జరిగిన నాటి సభాధ్యక్షుని విశ్వవిద్యాలయమునందే హైదరాబాదు బాలికలు తెలుగున పరీక్షలు వ్రాసిరి.