లొడలొడమనే తుపాకి

ఆ కట్టె కాస్త లోపలికి తోయరా చిన్నోడా, పొగొస్తోంది. తుపాకికి నల్ల ప్లాస్టిక్ మడమ, పది తూటాల మేగజైన్ పెట్టిద్దామని ఫోన్లో బొమ్మలు చూపించావుగా. ముందు నేను దానికి ఏం పెట్టి ఏం తిప్పలు పడ్డానో విను. మీ నాన్న చెప్పే కథ నమ్మకు, వాడప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు.

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వెంకన్న గుడి కట్టిన కొత్తల్లో మాట. మా పల్నాటి ఊళ్ళో తుపాకి అంటే ఒక్కటే, మునసబు గారింట్లో. పందుల్ని బెదిరించడానికని లైసెన్సు. ఎన్నికలొస్తే దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. అలాంటి ఊరివాణ్ణి, ఇక్కడ ఒక దుకాణంలోకెళ్ళి, గ్రీన్‌కార్డు చూపించి, కాగితం నింపి సంతకం పెట్టి, రైఫిల్ చేత్తో పట్టుకుని బయటికొచ్చేశాను. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని కాసేపు కార్లోనే కూర్చున్నా. ఎవరూ పిలవలా.

రెమింగ్టన్ 760. సెకండ్‌హ్యాండే. ఆ మోడల్ 1952లో మొదలైంది. పంపు తుపాకే ఎందుకంటావా? ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంలో జింకల వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదు, చట్టం ఒప్పుకోదు. ఇదైతే ముందు పిడి వెనక్కి లాగితే ఖాళీ తూటా ఎగిరి పడుతుంది, ముందుకి తోస్తే కొత్తది ఎక్కుతుంది. కుడిచెయ్యి ట్రిగ్గర్ దగ్గర్నించి కదలక్కర్లేదు. ఇక్కడివాళ్ళు నవ్వులాటకి దీన్ని ‘ఆమిష్ మెషిన్‌గన్’ అంటారు. లాంకాస్టర్ వైపు గుర్రబ్బళ్ళ మీద తిరుగుతారే, వాళ్ళ పేరు. మీ నాయనమ్మైతే ఒకసారి చూసి, “బోరింగు కొట్టినట్టుందే” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

తుపాకి బాగానే ఉంది. నేనే ఊరుకోలా. జీతం రాగానే పెద్ద స్కోపు బిగించా. తర్వాత ఆ ముందు పిడి మీద పడ్డా. ఊపితే లొడలొడమంటుంది. అది దాని పుట్టుకరా! పిడి బ్యారెల్‌కి అతుక్కుని ఉండదు, కింద వేరే గొట్టం మీద జారుతుంది. కాస్త వదులుండాల్సిందే. నాకా సంగతి తెలియదు. బండి ఇరుసు కీచుమంటే కందెన పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. చిక్కటి గ్రీజు డబ్బా తెచ్చి, వేలితో తీసి సందుసందునా మెత్తా. చప్పుడు ఆగిపోయింది. భలే పనిమంతుణ్ణనుకున్నా.

థాంక్స్‌గివింగ్ వెళ్ళిన సోమవారం అప్పట్లో వేట మొదలయ్యేది. ఆ రోజు బళ్ళు కూడా మూసేసేవారు. పక్కింటి ముసలాయనతో, ఉక్కు మిల్లులో చేసి రిటైరైనవాడు, చీకటుండగానే కొండెక్కా. ఒకటే మంచు. చెట్టుకి ఆనుకుని కూర్చుంటే కాళ్ళు నావో చెట్టువో తెలీలా. తెల్లారాక వచ్చింది మగజింక, నిండు కొమ్ములతో. స్కోపులో చూస్తే అంతా తెలుపు, అద్దం మీద మంచు. తుడిచీ తుడవకుండా పేల్చా. తగల్లా. ఆ జింకేమో పారిపోకుండా అక్కడే నిలబడి నావైపే చూస్తోంది. పిడి లాగా. సగం వచ్చి ఆగింది! గ్రీజు చలికి గడ్డకట్టింది. మోకాళ్ళ మధ్య పెట్టుకుని గుంజుతున్నా, అదేమో నన్ను తీరిగ్గా చూసి, తోకెత్తి వెళ్ళిపోయింది. ముసలాయన వచ్చి, పిడి కింద వేలు పెట్టి, వాసన చూసి, “ఇది ట్రాక్టరుకి వాడుకో” అన్నాడు. ఇంటికి చేరేదాకా మళ్ళీ నోరు విప్పలా.

ఆ రాత్రే అంతా విప్పి కడిగి, పల్చటి నూనె గుడ్డతో తుడిచినట్టు పెట్టాం. లొడలొడ మళ్ళీ వచ్చింది. స్కోపు తీసేసి, కంటి దగ్గర చిన్న రంధ్రం ఉండే సైటు పెట్టించా. వెర్మాంట్‌లో మంచులో అడుగుజాడ పట్టుకుని మైళ్ళకొద్దీ నడిచే వేటగాళ్ళు ఈ తుపాకే, 18.5 అంగుళాల పొట్టి బ్యారెల్‌ది, అదే రకం సైటుతో మోసేవారని విని, నా బ్యారెల్ కూడా కోద్దామని రంపం తీశాను. ముసలాయన రంపం లాక్కున్నాడు. 16 అంగుళాలకి తగ్గితే, రిజిస్టరు కాకపోతే, జైలేనట. కోయడం నీకు చేతకాదు, కొలవడం అంతకన్నా చేతకాదు అన్నాడు.

మరుసటేడు ఒక్క గుండుకే పడింది జింక. మీ నాయనమ్మ గుంటూరు కారం వేసి పచ్చడి పెట్టింది. ముసలాయన బ్రెడ్డు మీద రాసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయమన్నాడు. ఆ వారం నేను గుడికి వెళ్ళలా, అది వేరే సంగతి.

1981లో రెమింగ్టన్ వాళ్ళు 760 మోడల్ ఆపి 7600 అని కొత్తది తెచ్చారు. న్యూయార్క్‌లో ఇలియన్ అనే ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీ కూడా 2024లో మూతపడింది. మన తుపాకి బీరువాలో ఉంది, తూటాలు వేరే గదిలో. తాళంచెవి మీ అమ్మ దగ్గరుంది. 18 ఏళ్ళొచ్చాక ఆవిణ్ణే అడుగు. నీ ప్లాస్టిక్ మడమ పెట్టుకుంటే పెట్టుకో, ఆ లొడలొడ జోలికి మాత్రం వెళ్ళకు.