పంపించడం తెలిసిన ఊరు

ఉరవకొండ మనుషులకు ఊరు విడవడం పాత అలవాటే. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు, అదీ పడిన ఏడు. 1876 నుంచి 1878 దాకా పీడించిన ధాత కరువులో ఈ సీమ పల్లెలు ఖాళీ అయ్యాయి. అప్పటికి మాకు అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్లారి నుంచి విడదీశారు. కడుపు కోసం పోయారు, మగ్గం మీది బట్ట అమ్ముకోవడానికి పోయారు, తర్వాత చదువు కోసం పోయారు.

నా ఉద్యోగమంతా ఈ ఊరి పిల్లలకు సోషల్ చెప్పడంలోనే గడిచింది. ఇప్పుడు అమెరికాకో జర్మనీకో బయల్దేరే పిల్లలు చెప్పి పోదామని ఇంటికొస్తారు. వీసా వచ్చిందని, టికెట్ తీశామని ఉత్సాహంగానే చెప్తారు. వాళ్ల నాన్న బండి తీయడానికి బయటికి పోగానే గొంతు తగ్గించి, "భయమైతాంది సార్" అంటారు. దీనికి ధైర్యంగా ఉండమని చెప్తే సరిపోదు. దూరం పోయేవాడి భయాన్ని ఈ ఊరు ఒకప్పుడు ఎట్లా మోసిందో తెలిస్తే, ఈ పిల్లలకు మనం ఏం చేయాలో తెలుస్తుంది.

1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి మీది గుంతకల్లు మాకు సుమారు 30 కిలోమీటర్లు. అట్లా మద్రాసు చేతికందింది గానీ మనసుకు అందలేదు. 1916లో అనంతపురంలో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ వచ్చేదాకా పై చదువంటే జిల్లా దాటి పోవాల్సిందే. భాష వేరు, తిండి వేరు, ఉత్తరం వస్తేనే సమాచారం. మా అవ్వ కాలంలో మద్రాసే పరదేశం.

అందుకే ప్రయాణం రైలెక్కిన రోజు మొదలయ్యేది కాదు. సోమ, శనివారాల్లో తూర్పుకు వారశూల, అంటే అటు ప్రయాణం కూడదు. రైలు ఆ రోజే ఎక్కాల్సి వస్తే, అంతకుముందు మంచి గడియ చూసి ఓ సంచిలో జత బట్టలు పెట్టి ఎదురింట్లో ఉంచేవాళ్లు. దీన్ని ప్రస్థానం పెట్టడం అనేవాళ్లు. సంచి గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. పంచాంగం మీద నమ్మకం ఉన్నా లేకున్నా, ఇందులోని తెలివిని నేను గౌరవిస్తాను. ఒక్కసారిగా మీద పడే ఎడబాటును రెండు మూడు రోజులకు పంచి, పోయేవాడికీ పంపేవాళ్లకీ అలవాటు చేసేది ఈ పద్ధతి.

తర్వాత వీధంతా తిరిగి చెప్పి రావాలి. ఒకింట్లో రూపాయి చేతిలో పెడితే, ఇంకొకింట్లో మద్రాసులో ఉన్న బంధువు చిరునామా రాసిచ్చేవాళ్లు. గవిమఠానికి పోయి మొక్కేవాళ్లు, పెన్నహోబిలం నరసింహస్వామి దర్శనం చేసుకునేవాళ్లు. ఇంట్లో ఆడవాళ్లు చెనిక్కాయల పొడి కొట్టి, నిప్పట్లు కాల్చి డబ్బాలకెత్తేవాళ్లు. ఇన్ని పనుల్లో తలా ఒక చెయ్యి వేసేటప్పటికి భయం కూడా తలా కాస్త పంచుకున్నట్టయ్యేది. పోయేవాడి వంతుకు మోయగలిగినంతే మిగిలేది.

సముద్రం దాటడం ఇంకా పెద్ద మాట. దాటితే కులం పోతుందన్న కట్టుబాటు దేశమంతా ఉండేది. 1888లో లండన్ చదువుకు బయల్దేరిన గాంధీని బొంబాయిలో ఆయన కులపెద్దలు వెలివేశారు. తల్లి పుత్లీబాయి దిగులు మాత్రం ఇంకో రకం: కొడుకు అక్కడ మారిపోతాడేమోనని. మాంసం, మద్యం, పరస్త్రీ ముట్టనని ఆయన ప్రమాణం చేశాకే ఆమె మనసు కుదుటపడింది. పంపేవాళ్ల భయానికీ మందు కావాలని నాకు నేర్పిన ఘట్టం ఇది.

మన తెలుగువాళ్లలో యల్లాప్రగడ సుబ్బారావు కథ నేను ప్రతి పిల్లవాడికీ చెప్తాను. భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కినాయన. 1922లో ఆయన్ను అమెరికా చేర్చిన డబ్బు కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థది, కొంత మామగారిది. అక్టోబరులో బోస్టన్‌లో దిగేసరికి చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. హార్వర్డ్‌లో పగలు చదువు, ఆస్పత్రిలో రాత్రి కూలిపని. తర్వాత ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనక ఆయన పరిశోధన నిలిచింది. కానీ ఆయన తిరిగి రాలేదు. 1948లో అక్కడే పోయారు. ఇంటిదగ్గర భార్య శేషగిరి ఎదురుచూపు అట్లాగే మిగిలిపోయింది. ఆ సగం కథ కూడా చెప్తాను. దూరం పోయేవాడికి భయం ఎందుకని కొట్టిపారేయడం అన్యాయం. ఆ భయానికి కారణాలున్నాయి.

ఇంకొకటి మన జిల్లా మూలాలున్న కథ. సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌ది బుక్కాపురం. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి బయల్దేరే ముందు, దేశం విడవడం ఇష్టంలేక, వీసా రాకుంటే బాగుండునని లోలోపల కోరుకున్నానని సత్య తన పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత మైక్రోసాఫ్ట్‌ను నడిపిన మనిషి మాట ఇది. భయపడేవాడు అసమర్థుడనుకునే తల్లిదండ్రులకు దీన్ని తప్పకుండా వినిపిస్తాను.

మా పిల్లలకు దారి సులువైంది 2008లో. మే నెలలో బెంగళూరు దగ్గర దేవనహళ్లి విమానాశ్రయం, అక్టోబరులో హైదరాబాదు అమెరికా కాన్సులేట్ తెరుచుకున్నాయి. అంతకుముందు వీసా కోసం మద్రాసు పోయి జెమినీ సర్కిల్ దగ్గర వరసలో నిలబడాల్సిందే. ఇప్పుడు కారెక్కితే అనంతపురం మీదుగా హైవేలో నేరుగా విమానాశ్రయమే. అయితే దారి తగ్గినకొద్దీ సాగనంపడం కూడా తగ్గింది. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద బండి కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడేవాళ్లం. విమానాశ్రయంలో టికెట్ ఉన్నవాడొక్కడే లోపలికి పోతాడు. వీధికి తెలిసేసరికి పిల్లవాడు చికాగోలో ఉంటాడు. ఒకప్పుడు ఊరంతా పంచుకున్న బరువు ఇప్పుడు ఇరవై రెండేళ్ల వాడి ఒక్కడి నెత్తిన పడుతోంది.

దానికి అప్పు తోడైంది. తొలకరికి చెనిక్కాయ విత్తే రైతు మళ్లీ వాన వస్తుందన్న హామీ ఏదీ లేకుండానే ఇంట్లో ఉన్నదంతా నేలలో పోస్తాడు. పిల్లల చదువుకు లక్షల అప్పు చేయడమూ ఇక్కడ అట్లాంటిదే. ఆ సంగతి పిల్లలకు బాగా తెలుసు. ఫెయిలైతే నాన్న పొలం ఏమవుతుందన్నదే చాలామంది నాతో చెప్పిన అసలు భయం. 2023-24లో అమెరికాలో చదివే భారతీయులు 3,31,602 మందని, చైనాను మించారని చెప్తే వాళ్ల గుండె కుదుటపడదు. దిగగానే తీసుకుపోవడానికి ఫలానా అన్న వస్తాడని తెలిస్తే పడుతుంది.

అందుకే మా ఊరివాళ్లను నేను అడిగేది స్పష్టమైన పనులు. బయల్దేరే పిల్లవాణ్ణి నెల ముందే వీధి మొత్తానికీ చెప్పి రమ్మనండి. ముందు పోయినవాళ్లతో మాట్లాడించండి; ఉద్యోగం దొరికిన సంగతితో పాటు, మొదటి నెల ఎట్లా ఏడ్చారో కూడా వాళ్లు చెప్పాలి. అప్పు ఎంత, వాయిదాలు ఎప్పటి నుంచి, పని దొరకకుంటే ఏం చేద్దాం అన్న లెక్క ఇంటిల్లిపాదీ కూర్చుని వాడి ముందే వేయండి. చదువు కుదరకపోతే వెనక్కి రావచ్చు, ఈ ఇంటి తలుపు తెరిచే ఉంటుంది అని తండ్రి తన నోటితో చెప్పాలి. కరువుల్లో మనుషులను పంపి నేర్చుకున్న విద్య ఇది. మంచి రోజుల్లో దాన్ని మరిచిపోవడం ఈ ఊరికి తగదు.