కాలేయ ఎపిథీలియాయిడ్ హీమాంజియోఎండోథీలియోమా: మందుల చికిత్స

రక్తనాళాల లోపొర కణాల నుంచి కాలేయంలో పుట్టే అరుదైన క్యాన్సర్ ఇది. ఏటా పది లక్షల మందిలో ఒకరికైనా రాదు. నడివయసులో, ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. 1982లో వైస్, ఎంజింగర్ ఈ జాతి గడ్డను మెత్తటి కణజాలాల్లో గుర్తించి పేరు పెట్టారు. 1984లో ఇషాక్ బృందం కాలేయంలో వచ్చిన 32 కేసులను వివరించింది. చాలామందిలో డబ్ల్యూడబ్ల్యూటీఆర్1, సీఏఎమ్‌టీఏ1 అనే రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయని 2011లో తేలింది.

దీనికంటూ ప్రత్యేకించి తయారైన మందు లేదు. వాడేవన్నీ వేరే జబ్బుల నుంచి అరువు తెచ్చుకున్నవే. పైగా గడ్డ నడక ఒక తీరున ఉండదు: కొందరిలో ఏళ్లతరబడి కదలదు, అరుదుగా దానంతటదే తగ్గుతుంది, మరికొందరిలో నెలల్లో ఊపిరితిత్తులకు పాకుతుంది. కాబట్టి మందు మొదలుపెట్టాక గడ్డ పెరగలేదంటే, అది మందు చలవో గడ్డ స్వభావమో చెప్పడం కష్టం. బాధ లేనివారికి వెంటనే మందు రాయకుండా కొన్ని నెలలు స్కానింగులతో గమనించడం అందుకే. దీన్ని నిర్లక్ష్యం అనుకోకూడదు.

పెరుగుతున్న జబ్బుకు ఎక్కువగా వాడేది సిరోలిమస్. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దీన్ని వెలికితీసినది మాంట్రియల్‌లో పనిచేసిన భారతీయ మూలాల శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్ బృందం. ఆ దీవి స్థానిక పేరు రాపా నుయ్ నుంచే రాపామైసిన్ అన్న మరో పేరు వచ్చింది. కణాల పెరుగుదలను నడిపే ఎమ్‌టార్ అనే ప్రొటీన్‌ను ఇది అడ్డుకుంటుంది. గడ్డ కరగడం తక్కువే, ఎదుగుదల ఆగడం ఎక్కువ. ఛాతీలోనో పొట్టలోనో నీరు చేరినవారిలో ఫలితం అంతంతమాత్రం. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం దీనితో వచ్చే ఇబ్బందులు. రక్తంలో మందు స్థాయి చూస్తుండాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ స్థాయిని బాగా పడగొడుతుంది.

పజోపానిబ్, సోరాఫెనిబ్, బెవాసిజుమాబ్ కొత్త రక్తనాళాలు మొలవకుండా చూస్తాయి. పజోపానిబ్ కాలేయాన్నే దెబ్బతీయగలదు గనుక రక్తపరీక్షలు తప్పవు. పుట్టబోయే పిల్లలకు అవయవలోపాలు తెచ్చి 1961లో జర్మనీ మార్కెట్ నుంచి వెళ్లిపోయిన థాలిడోమైడ్‌ను కూడా కొందరికి ఇచ్చారు. గర్భం రాకుండా కట్టుదిట్టమైన జాగ్రత్త అవసరం. ఇంటర్‌ఫెరాన్ పాతది. డాక్సోరుబిసిన్ వంటి కీమోథెరపీకి ఈ గడ్డ పెద్దగా లొంగదు.

గడ్డలు కాలేయమంతా పరుచుకున్నప్పుడు కాలేయ మార్పిడి చేస్తారు. కాలేయం దాటి కొంత పాకినా మార్పిడికి అది పూర్తి అడ్డంకి కాదు, క్యాన్సర్లలో ఇది విడ్డూరమే. కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరస్కరించకుండా వాడే మందుల్లోనూ సిరోలిమస్ ఒకటి.