గజపతుల సీమలో గుర్రపు చదువు

ఢిల్లీ సుల్తానులు అశ్వపతులు, హంపీ విజయనగర రాయలు నరపతులు, ఒడ్డె ప్రభువులు గజపతులు. ఇది పూర్వుల వాడుక. 1434లో కపిలేంద్రునితో మొదలైన ఆ గజపతుల ఏలుబడిలోనిదే మా సీమ. తరువాతి కాలపు విజయనగరం పూసపాటి ప్రభువుల పేర్లలోనూ ఆ గజపతి శబ్దమే నిలిచింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కౌటిల్యుడు ఏనుగులలో కళింగ, అంగ దేశాలవి శ్రేష్ఠమన్నాడు. గుర్రాలలో మాత్రం కాంభోజ, సింధు, ఆరట్ట, వనాయు దేశాలకు పెద్దపీట వేశాడు. అరసవల్లిలో సూర్యభగవానుని రథానికి ఏడు గుర్రాలను పూన్చి కొలిచిన సీమే గాని, మాది గుర్రాలను కన్న సీమ కాదు.

దక్షిణాపథమంతటా ఇదే కథ. గుర్రం ఓడ దిగి రావలసిందే. పాండ్య రాజ్యానికి వచ్చిన గుర్రాలు పోషణ తెలియనివారి చేతుల్లో పడి, అన్నమూ మాంసమూ తిని, ఏడాది తిరగకుండా చచ్చేవని 13వ శతాబ్దిలో మార్కోపోలో వ్రాశాడు. సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి సైతం, తోక తెచ్చి చూపితే చాలు, వెల ఇచ్చేవాడని 16వ శతాబ్దిలో నూనిజ్ వ్రాశాడు. ధనానికి లోటు లేదు. లోటల్లా ఓర్పుకూ, ఎరుకకూ!

శాస్త్రం లేక కాదు. తెలుగులోనే మనుమంచిభట్టు హయలక్షణవిలాసము ఉన్నది. ఇక కిశోర శబ్దం చూడండి. మనం బాలురకు వాడుతున్న ఈ మాటకు అమరకోశం చెప్పిన అర్థం గుర్రపుపిల్ల. అర్థశాస్త్రం రెండవ అధికరణం 30వ అధ్యాయంలో ఆ కిశోరానికి దినచర్య ఉన్నది. పుట్టిన 10 రాత్రుల తరువాత నేతితో పేలపిండి, ఆరు నెలల దాకా పాలు. ఆపైన మూడేళ్ళ దాకా నెలనెలా పెంచుతూ యవలు. నాలుగేళ్ళు నిండేదాకా ద్రోణం కొలత. నాలుగైదేళ్ళ వయసుకు గాని అది పనికి యోగ్యం కాదు. ఆ తరువాతనే దూరం మాట. స్వారీ గుర్రానికి దాని తరగతిని బట్టి 5, ఏడున్నర, 10 యోజనాలు. వైద్యుని అలక్ష్యం వల్ల రోగం ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు దండుగ.

నేటి పశువైద్యమూ ఇదే మాట అంటున్నది. ముంగాలి మోకాటి పైయెముక ముదరడానికే రెండు, రెండున్నరేళ్ళు పడుతుంది, వెన్నెముకకు అయిదారేళ్ళు. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుండి జరుగుతున్న నూరు మైళ్ళ స్వారీ పందెంలో ఆరేళ్ళు నిండని గుర్రానికి ప్రవేశం లేదు. దారి పొడుగునా వైద్యులు నాడి చూసి, గుండెవేగం దిగకపోతే ఆపివేస్తారు.

నా చిన్ననాడు విజయనగరంలో మా వీధి జట్కా సాయిబు ఒక పిల్లగుర్రాన్ని తెచ్చాడు. కొన్నాళ్ళు ఒళ్ళు నిమరడమే పని. తరువాత పగ్గం పట్టుకొని తెల్లవారుజామున పక్కన నడిచాడు. నడకలో నిలకడ వచ్చాకనే కాస్త పరుగు. నోటికి కళ్ళెం అలవాటయ్యాకనే ఖాళీ బండి. చాలా నెలలకు గాని మనిషిని ఎక్కించలేదు. ఆ మధ్యకాలంలో ఇంట్లో పస్తులున్న రోజులూ ఉన్నాయని మా అమ్మ చెప్పేది. అదే వీధిలో మరొకాయన రెండేళ్ళ పిల్లకు నిండు బండి కట్టాడు. ఏడాదికే దాని ముంగాళ్ళు వంగిపోయాయి.

బడిలో చేరిన కొత్తలో, ఇనస్పెక్టరు వస్తున్నాడని, గుణింతాలు కుదరని పిల్లలచేత పద్యాలు వల్లె వేయించాను. గడగడ అప్పగించారు, మెప్పు నాకు వచ్చింది. వారిలో కొందరికి ఆ తరువాత పుస్తకమంటేనే బెదురు పట్టుకుంది. కిశోర శబ్దానికి అర్థం అప్పటికే నాకు కంఠస్థం. అది బోధపడడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.