ఓడ దిగిన ఐరిష్ వారు - విమానము దిగిన ఈజిప్టు వారు

పరదేశమునకు పోయి స్థిరపడిన జనసమూహములను ఒకదానితో నొకటి పోల్చి, "వీరు తెలివిగలవారు గనుక పైకి వచ్చిరి, వారు సోమరులు గనుక అడుగున నిలిచిపోయిరి" అని తీర్పు చెప్పుట లోకమున పరిపాటి. మనవారిని గూర్చియు ఇట్టి తీర్పులను మనము వినుచునే యున్నాము. అమెరికాలో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా నున్న తెలుగువారిని చూచి జాతి మొత్తమును మెచ్చుకొనువారు కలరు. బొంబాయిలో కామాఠీపురమునకు ఆ పేరు వచ్చుటకు కారకులైన తెలుగు కూలీల మాట వచ్చినపుడు పెదవి విరచువారును కలరు. ఇరువురును తెలుగువారే గదా! ఈ చిక్కు విడిపోవలెనన్న, మనకు ప్రేమగాని పగగాని లేని రెండు జాతుల కథను తీసికొని చూచుట మేలని మాకు తోచినది. వారు అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన ఐరిష్ వారును, ఈజిప్టు వారును.

2020 జనాభా లెక్కలలో తాము ఐరిష్ సంతతివారమని చెప్పుకొన్న అమెరికనులు 3 కోట్ల 86 లక్షలు. ఈజిప్టు సంతతివారమని వ్రాసినవారు 3,96,854. అనగా నూరుగురు ఐరిష్ వారికి ఒక ఈజిప్టు వాడు. సంఖ్యలో ఇంత స్వల్పులైనను, ఈజిప్టు వారిలో పట్టభద్రుల పాలు ఆ దేశపు సగటు కంటె చాల హెచ్చు. ఐరిష్ వారు నేడు చదువునందును సంపాదనయందును సగటునకు కొంచెము పైన నున్నారు. ఇంతవరకే చూచినవాడు, ఐరిష్ వారికి నూటడెబ్బదియేండ్లు పట్టిన దూరమును ఈజిప్టు వారు ఒక్క తరములో దాటిరని చెప్పును. మేము బహుకాలము కచేరీలో లెక్కలు వ్రాసినవారము. ప్రారంభపు నిల్వ చూడక ముగింపు నిల్వను మాత్రమే చూచి లెక్క మంచిచెడ్డలు నిర్ణయించు అధికారిని ఏ గుమాస్తాయు మెచ్చడు. కాబట్టి ముందు ప్రారంభపు నిల్వలు చూతము.

1841లో ఐర్లండు జనాభా 81 లక్షల 75 వేలు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకినది. ఆ దుంప తప్ప వేరు తిండి యెరుగని పేద కౌలుదార్లు ఆ దేశమున లక్షలకొలది యుండిరి. 1852 వరకు సాగిన ఆ కరవులో ఇంచుమించు పది లక్షలమంది ఆకలిచేతను, జ్వరములచేతను చనిపోయిరి. 1851 లెక్కలలో జనాభా 65 లక్షల 52 వేలకు పడిపోయినది. కౌలు చెల్లింపలేని కుటుంబములను గుడిసెల నుండి వెళ్లగొట్టిరి. కరవునాటి పదేండ్లలో అమెరికా చేరినవారే సుమారు పదునైదు లక్షలు. వారు వచ్చిన ఓడలకు లోకులు "శవపేటికల ఓడలు" అని పేరు పెట్టిరి. వారిని ఎవరును పరీక్షచేసి ఏరలేదు. చదువు గలవారా, చేతిపని గలవారా యని అడిగిన చట్టము నాడు లేదు. ఆకలియే వారిని ఏరినది.

దిగిన చోట దొరకిన పనులు కాలువలు త్రవ్వుట, రైలుదారులు వేయుట, రేవులలో మూటలు మోయుట. ఆడవారికి ధనికుల ఇండ్లలో పాచిపని. దీనికి తోడు వారు కతోలికులు, దేశము ప్రొటెస్టెంటులది. 1834లోనే బోస్టను చెంత చార్లస్‌టౌనులో కతోలిక సన్న్యాసినుల మఠమును తగులబెట్టిరి. 1844లో ఫిలడెల్ఫియాలో చర్చీలు కాల్చిరి. వలసదారుల నడచుటకే పుట్టిన "నో నథింగ్" పక్షము 1854లో మసాచుసెట్స్ రాష్ట్రపు గవర్నరు పదవిని, శాసనసభను దాదాపు పూర్తిగా కైవసము చేసికొనినది. ఇన్ని బాధలు పడిన ఐరిష్ వారు తమకంటె దుర్బలులను కరుణించిరని చెప్పుటకు మాత్రము వీలులేదు. 1863 జూలైలో సైన్యమునకు బలవంతపు పిలుపు వచ్చినపుడు న్యూయార్కులో అల్లరికి దిగిన గుంపులలో వారే హెచ్చుమంది. ఆ గుంపులు నీగ్రో అనాథ బాలల శరణాలయమును కాల్చివేసి, నల్లవారిని చంపినవి. బాధపడినవాడు ధర్మాత్ముడగునను నియమ మెక్కడను లేదు.

అయినను నాటి ఐరిష్ వారు పూర్తిగా దివాలా మనుష్యులని తలచుట పొరపాటు. 1850లో న్యూయార్కులో వలసదారుల కొరకు ఎమిగ్రంట్ సేవింగ్స్ బ్యాంకు వెలసినది. ఖాతాదారులలో పెక్కుమందికి సంతకము రాదు. మరల సొమ్ము తీయ వచ్చినవాడు అసలు ఖాతాదారుడో కాదో తెలియుటెట్లు? అందుచేత బ్యాంకు గుమాస్తాలు "పరీక్షా పుస్తకము" లను పెట్టిరి. పేరు, వృత్తి, పుట్టిన జిల్లా, గ్రామము, ఎక్కిన ఓడ, దిగిన సంవత్సరము, తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువు లెందరు, భార్య పుట్టింటి పేరేమి అను వివరములన్నియు అందులో వ్రాసికొని, అనుమానము కలిగినపుడు అవే ప్రశ్నలడిగి సొమ్ము ఇచ్చెడివారు. ఆ పుస్తకములు నేటికిని న్యూయార్కు ప్రజా గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ఇట్టి పని చేసినవారమగుటచే, ఆ గుమాస్తాల యోపికకు మేము నమస్కరించుచున్నాము. మురికివాడలో నున్న కూలివాడును, పాచిపని చేయు పిల్లయు వందల డాలర్లు కూడబెట్టినట్లు చరిత్రకారులు ఆ పుస్తకముల నుండియే కనిపెట్టిరి. పత్రికలలో వారు త్రాగుబోతులు, పుస్తకములలో పొదుపరులు! ఆ సొమ్ములో కొంత ఐర్లండు పోయి, తమ్మునికో చెల్లెలికో ఓడ టిక్కెట్టు అయ్యెడిది.

పైకి వచ్చిన మార్గము మూడు చోట్ల నుండినది. చర్చి, బడి, వార్డు. 1884లో బాల్టిమోరులో కూడిన బిషప్పుల సభ ప్రతి చర్చికి ఒక బడి యుండవలెనని శాసించినది. పాచిపని చేసిన తల్లుల కుమార్తెలు కొందరు అట్టి బడులలో చదివి బోస్టను, న్యూయార్కు, షికాగోలలో ఉపాధ్యాయినులైరి. మగవారు వార్డు రాజకీయములను పట్టిరి. ఓటు వేయించినవానికి పోలీసు ఉద్యోగమో, మంటలార్పు దళములో ఉద్యోగమో దొరకెడిది. ఈ పద్ధతిలో లంచము లేదని ఎవరును అనలేరు; న్యూయార్కు టామనీ హాలు పేరు చెప్పిన చాలును. కాని నెలజీతము గల ఉద్యోగము ఒక కూలివాని ఇంటికి ఎంత స్థిరత్వము నిచ్చునో ఎరిగినవారు ఆ ఓటును తేలికగా నిందింపరు. 1880లో న్యూయార్కునకును, 1884లో బోస్టనునకును తొలి ఐరిష్ కతోలిక మేయర్లు ఎన్నికైరి. 1928లో ఆల్ స్మిత్ అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడెను. అతని మతము ఆ ఓటమికి ఒక కారణమైనది. 1960లో జాన్ కెనెడీ గెలిచెను. అతని ముత్తాత పాట్రిక్ కెనెడీ వెక్స్‌ఫర్డు జిల్లా నుండి వచ్చి, పీపాలు చేయు పనిచేసి, 1858లో బోస్టనులో చనిపోయెను. తాత సారాయంగడివాడు, తండ్రి బ్యాంకరు. నాలుగు తరములు! మిక్కిలి అదృష్టము గల కుటుంబమునకే ఇంతకాలము పట్టినది.

ఇక ఈజిప్టు. 1924 నాటి అమెరికా చట్టము ఒక్కొక్క దేశమునుండి ఏటా ఇంతమందియే రావలెనని కట్టడి చేసినది. ఐర్లండు స్వతంత్ర రాజ్యమునకు 28,567 చోట్లు, ఈజిప్టునకు 100. అందుచేత 1965కు పూర్వము అచ్చట ఈజిప్టు వారి ఊసు లేదనియే చెప్పవచ్చును. ఆ కాలమున ఈజిప్టులో వేరొక మార్పు జరుగుచుండెను. తాహా హుసేన్ విద్యామంత్రిగా నుండగా 1950లో మాధ్యమిక విద్యయు, 1962లో విశ్వవిద్యాలయ విద్యయు ఉచితమయ్యెను. 1964 నుండి పట్టభద్రుల కందరికిని ప్రభుత్వోద్యోగమని హామీ యిచ్చిరి. ఫలితముగా కచేరీలలో బల్లలకంటె గుమాస్తాలు హెచ్చైరి! 1961లో వ్యాపారములను జాతీయము చేయుటచే ఆస్తిపరులు, అందులో కోప్టిక్ క్రైస్తవులు, చాల నష్టపోయిరి. 1967 యుద్ధములో ఓటమితో యువకుల ఆశలు అడుగంటినవి.

సరిగా ఆ తరుణముననే ద్వారము తెరచుకొనినది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన చట్టము దేశముల వారీ పాత వాటాలను తీసివేసి, బంధుత్వమునకును, అమెరికాకు పనికివచ్చు విద్యకును పెద్దపీట వేసినది. ఈ చట్టమును సెనేట్ సభలో నడిపించినవాడు ఎడ్వర్డు కెనెడీ, ఆ పాట్రిక్ కెనెడీ మునిమనుమడే. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పోయినదియు ఈ చట్టము ద్వారముననే.

కనుక మొదట విమానము దిగిన ఈజిప్టు వారిలో కూలివాడు అరుదు. వారు కైరో, అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయముల డాక్టర్లు, ఇంజనీర్లు, ఫార్మసిస్టులు. దమన్‌హూరులో పుట్టి అలెగ్జాండ్రియాలో చదివిన అహ్మద్ జువైల్ 1974లో పెన్సిల్వేనియాలో డాక్టరేటు పొంది, 1999లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము నందుకొనెను. చంద్రునిపై అపోలో నౌకలు దిగవలసిన తావుల నిర్ణయములో ఫారూక్ ఎల్-బాజ్ పనిచేసెను. వీరిని చదివించిన ఖర్చు ఈజిప్టు పన్నుదారునిది, ఫలము అమెరికాది. ఐర్లండు ఆకలిగొన్నవారిని పంపినది, ఈజిప్టు చదివించి పంపినది. ముగింపు నిల్వలో నున్న భేదము చాలవరకు ఇదియే.

ఐనను పట్టా యున్నంతమాత్రమున అందరును సుఖపడలేదు. ఆ దేశపు పరీక్షలు మరల వ్రాసి నెగ్గనిదే వైద్యము చేయరాదు. ఆ లోపల టాక్సీ నడిపినవారు, దుకాణములో గల్లాపెట్టె కడ నిలిచినవారు ఎందరో. 1990లో న్యూయార్కు వీథిలో ముగ్గురు ఈజిప్టు వారు పెట్టిన తోపుడుబండి, ముస్లిము టాక్సీ డ్రైవర్లకు కోడిమాంసము, అన్నము అమ్ముచు "హలాల్ గైస్" అను పేర పెక్కు శాఖలు గల వ్యాపారమైనది. అట్టి బండ్లలో అన్నియు అట్లు పెరుగలేదని వేరుగ చెప్పనక్కర లేదు.

రాజకీయములలో చూచితిమా, లెక్క తారుమారగును. ఐరిష్ వారికి ముందు పదవి, తరువాత డబ్బు. ఈజిప్టు వారికి ముందు పట్టా, డబ్బు. పదవి మాత్రము దూరము. వారు వార్డులలో గుంపుగా లేరు. కోప్టులు చర్చి చుట్టును, ముస్లిములు మసీదు చుట్టును చేరిరి గాని అందరికిని ఒక్క వేదిక ఏర్పడలేదు. 2018లో మిచిగన్ గవర్నరు పదవిని కోరిన అబ్దుల్ ఎల్-సయ్యిద్ స్వపక్షపు ఎన్నికలోనే ఓడెను. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2003 ఆరంభమున, తాత్కాలిక వీసాలపై నున్న ఈజిప్టు దేశపు వయోజన పురుషులు కచేరీకి పోయి వేలిముద్రలిచ్చి నమోదు చేసికొనవలసి వచ్చినది. చదువు వారికి ఇల్లు కొని పెట్టినది గాని, ఆ వరుసలో నిలువకుండ కాపాడలేకపోయినది.

ఇప్పుడు అసలు సాక్ష్యమునకు వత్తము. 1965 చట్టము ఈజిప్టునకు తలుపు తీసిన రీతిగనే ఐర్లండునకు మూసినది. అమెరికాలో చుట్టము దగ్గరవాడు కాడు, పట్టా లేదు. ఇట్టి ఐరిష్ యువకులు 1980లలో వేలకొలది అనుమతి లేకయే అచ్చట ఉండిపోయిరి. వారికొరకు ఐరిష్ సంతతివారు తమ రాజకీయ బలము నుపయోగించిరి. 1986లో డానెలీ పేరను, 1990లో మారిసన్ పేరను వీసాలు పుట్టినవి. రెండవదానిలో మూడేండ్లు ఏటా 40,000 వీసాలలో నూటికి 40 ఐర్లండునకే కేటాయించిరి. ఆ 1990 చట్టము నుండియే 1995లో చీటీల వీసా ఆరంభమైనది. దానికి హైస్కూలు చదువో, శిక్షణ వలయు వృత్తిలో రెండేండ్ల అనుభవమో చాలును. అనగా మా వంటి మెట్రిక్యులేషను వారికిని అర్హత! కాని అప్పటికే అమెరికాకు ఎక్కువమందిని పంపిన దేశమగుటచే భారతదేశమునకు అందు చోటు దొరకలేదు. అందుచేతనే అచ్చటి తెలుగువారిలో అత్యధికులు చదువు అను జల్లెడలో పడి పోయినవారు, లేదా అట్టివారి చుట్టములు.

ఈజిప్టు వారికి ఆ అడ్డు లేదు. ఎగువ ఈజిప్టు గ్రామములనుండి కోప్టు రైతుబిడ్డలు, చిన్న ఉద్యోగులు ఈ చీటీలతో వచ్చి టెన్నెసీలోని నాష్‌విల్ వంటి ఊళ్లలో హోటళ్లలోను, కర్మాగారములలోను పనికి కుదిరిరి. జెర్సీ సిటీలో డాక్టర్లు, ఇంజనీర్లు నిలిపిన సెయింట్ మార్క్ చర్చి వంటి చర్చీలే ఇట్టివారికి ఇల్లు చూపుచు, పని వెదకి పెట్టుచు, నూరేండ్ల క్రిందట ఐరిష్ చర్చి చేసిన పనియే చేసినవి. అదే జాతి, అదే భాష, అదే మతము. వచ్చిన తలుపు మాత్రమే వేరు. ఈ రెండవ తెగవారి సంపాదనను మొదటి తెగవారి సంపాదనతో కలిపి సగటు కట్టి, "ఈజిప్టు వారు ఇట్టివారు" అనుటలో అర్థమేమున్నది?

భాష మాట యొకటి మిగిలినది. కరవునాడు వచ్చిన ఐరిష్ వారిలో పడమటి జిల్లాల వారికి ఐరిష్ భాషయే ఇంటి భాష. మనుమలనాటికి అది అమెరికాలో దాదాపు అంతరించినది. పండుగ మిగిలినది, ఇంటిపేరు మిగిలినది. ఈజిప్టు కోప్టుల పిల్లలలో పెక్కుమంది ఇంగ్లీషులో ప్రార్థన చేయుచున్నారు. అరబ్బీ పెద్దల నోట మిగిలినది. పూర్వము ఈజిప్టులోనే వాడుక తప్పిన కోప్టిక్ భాష మాత్రము పూజలో అచ్చటచ్చట వినబడుచున్నది. తెలుగు మాటలాడి చదువలేని పిల్లలున్న మన యిండ్లలో ఈ సంగతికి వ్యాఖ్యానము వలదు.

అమెరికా జనాభా లెక్కలు ఈజిప్టు వారిని చిరకాలము "తెల్లవారు" అను గడిలోనే వ్రాసినవి. 2024 మార్చిలో మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా వారికి వేరు గడి యుండవలెనని నిర్ణయించిరి. ఆ గడిలో అరబ్బులమని వ్రాయుటకు ఒప్పుకొనని కోప్టులు చాలమంది కలరు. 1850 నాటి బ్యాంకు గుమాస్తా ఐతే ఊరిపేరు, ఓడపేరు, తల్లిపేరు అడిగి వ్రాసికొనెడివాడు.