తోడు: దధితత్త్వము, దాని పరంపర

ఓం శ్రీ గురుభ్యో నమః

పాలను పెరుగుగా మార్చే చెంచాడు పాత పెరుగును తెలుగువారు "తోడు" అంటారు. వెంట నిలిచి ఆదుకొనేవానికీ అదే మాట. పూర్వులు దీనినే చేమిరి అన్నారు. వేదభాషలో ఇది ఆతంచనము. ఈ చిన్న వస్తువు చరిత్ర వేదకాలమునుండి నేటి మన వంటింటివరకు తెగక వచ్చినది.

తైత్తిరీయ సంహిత ద్వితీయ కాండలో ఒక ఆఖ్యానము కలదు. వృత్రవధానంతరము ఇంద్రుని వీర్యము అతనిని వీడి, భూమిలో ప్రవేశించి, ఓషధులుగా మొలిచినది. ప్రజాపతి ఆజ్ఞచే పశువులు ఆ ఓషధులను మేసి, ఆ వీర్యమును కూడగట్టి పాలుగా ఇచ్చినవి. ఆ పాలను కాచి ఇచ్చినను ఇంద్రునికి తృప్తి కలుగలేదు. పెరుగుగా చేసి ఇచ్చిన పిమ్మటనే కలిగినది. తృప్తిపరచినది గనుక అది "దధి" అని శ్రుతియే నిర్వచించినది.

అదియే అమావాస్యనాటి సాన్నాయ్య హవిస్సుకు మూలము. సోమయాగము చేసినవానికే అందులో అధికారము. ముందునాటి సాయంకాలపు పాలను తోడుపెట్టి, మరునాటి ఉదయపు కాచిన పాలతో కలిపి హోమము చేస్తారు. దేనితో తోడుపెట్టవలెనన్నది కూడా శ్రుతి విచారించినది. పూతీకలత, పలాశపు బెరడు, రేగుపండ్లు, బియ్యము: వీటి వీటి సంబంధములు చెప్పి, చివరకు పెరుగుతో తోడుపెట్టినదే ఇంద్రునికి తగినదని తీర్పు చెప్పినది. అంతేకాదు, అగ్నిహోత్రశేషమును కూడా అందులో చేర్చవలెను. ఎందుకనగా, యజ్ఞము సంతతముగా సాగుటకు.

మన ఏలూరు సీమకు ఇది పరాయి విషయము కాదు. ఏలూరుకు చేరువనున్న పెదవేగియే నాటి వేంగీపురము. అక్కడినుండి ఏలిన శాలంకాయన విజయదేవవర్మ అశ్వమేధయాజి యని ఏలూరులో లభించిన తామ్రశాసనము చెప్పుచున్నది. సోమయాజులున్న ఆ నేలపై పదహారు శతాబ్దాలనాడే సాన్నాయ్యమునకు పాలు తోడుకొన్నవని భావించుట సమంజసము.

మన ఇండ్లలో దాలిలో పిడకల సెగపై పాలు ఎఱ్ఱగా కాగేవి. గోరువెచ్చనైన పిదప తోడువేసి, కుండను కదపక ఉంచేవారు. 1857లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ పాలు పులియుటకు సూక్ష్మజీవులే కారణమని నిరూపించెను. 1905లో బల్గేరియాకు చెందిన గ్రిగొరోవ్ తమ దేశపు పెరుగులోని సూక్ష్మజీవిని గుర్తించెను. అవి పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చగా, కేసీన్ అను మాంసకృత్తి గడ్డకట్టును.

ఇచట జిజ్ఞాసువుకు ఒక సందేహము. సాధనాంతరము లేకయే బ్రహ్మము జగత్కారణమగుటకు బ్రహ్మసూత్రము, రెండవ అధ్యాయ ప్రథమపాదములో, పాలనే దృష్టాంతముగా చూపినది. మరి పాలకు తోడు కావలెను గదా? శంకర భగవత్పాదుల సమాధానమిది: సామర్థ్యము పాలలోనే ఉన్నది, వేడిమి మొదలైనవి దానిని త్వరపరచును, పూర్ణత కలిగించును. సహజశక్తి లేనిచో, ఎంత వేడిచేసినను గాలి గాని ఆకాశము గాని పెరుగు కాజాలదు. బాగుగా కాచి, సూక్ష్మజీవి సోకకుండ మూసి ఉంచిన పాలు పాలుగనే ఉండునని శాస్త్రజ్ఞులందురు. అందుచేత దృష్టాంతమును వివక్షితాంశమువరకే గ్రహించవలెను. సాధకునికి మాత్రము ఇది స్పష్టము: జ్ఞానయోగ్యత తనదే, గురువు తోడు.

కొల్లేటి లంకలలో వేసవికి నీరు తీసినచోట పచ్చిక మొలిచేది, పశువులు మేసేవి. తరువాత అక్కడ చేపల చెరువులు పరచుకొన్నవి. 1999లో అభయారణ్యముగా ప్రకటించి, 2006లో గట్లు తెగగొట్టినను, పోయిన పాడి మరలిరాలేదు. నేడు అభిషేకమునకు భక్తులు తెచ్చునది ఎక్కువగా పొట్లపు పెరుగే. భక్తితో తెచ్చినదానిని నేను కాదనను. అయితే పొట్లము కొన్న ఇంట మరునాటికి తోడు మిగుల్చుకొను అలవాటు పోవుచున్నది. తోడు విరిగినప్పుడు పొరుగింటి గడప తొక్కే ఆచారమూ దానితోనే పోవుచున్నది.

వేదమును, పెరుగును ఎవరును నిన్న కొత్తగా పుట్టించలేదు. ముందటివారు మిగిల్చినదానినుండియే రెండును వచ్చినవి. కావున ఈ రాత్రి ఒక చెంచాడు మిగల్చండి. అడిగిన పొరుగువారికి కాదనకండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.